మొగుడి పేరు చెప్పిన ఓటు

గిద్దలూరు,
12-11-1936

చిరంజీవి సౌభాగ్యవతి పార్వతికి,

నాయన దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మకు చలికి మోకాళ్లు పట్టేశాయి, అయినా వంటింట్లో తిరగడం మానదు. మన కలప అడితి గుమాస్తా రైల్లో మార్కాపురం వస్తుంటే సీతాఫలాలు పంపాను. మెత్తవి ముందు తినండి, పచ్చివి బియ్యంలో పెట్టండి.

ఇక అసలు సంగతి. వచ్చే ఫిబ్రవరిలో కొత్త అసెంబ్లీకి ఎన్నికలు. ఆరేళ్లు మద్రాసు కౌన్సిల్లో కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటానా? ఏ పార్టీ వాళ్లూ నన్ను పిలవలేదు, నేనూ ఎవరి గడపా తొక్కలేదు. స్వతంత్రంగా నిలబడుతున్నాను. గిద్దలూరు నుంచి మీ మార్కాపురం దాకా మన సీటు. ఒక్కో మనిషికి ఒక్కో రంగు పెట్టె ఇస్తారు. నేను ఆకుపచ్చ అడిగాను. అవతలి ఆయన ఎరుపు అడిగాడట, ఆయన ముఖానికి అదే సరి.

ఈసారి చట్టం మారింది. ఇంతకుముందు తన పేరున ఆస్తి ఉన్న ఆడవాళ్లకే ఓటు. ఇప్పుడు పన్ను కట్టేవాడి భార్యకు కూడా ఓటు ఉంది. అంటే మీ అంగళ్ల వీధిలో ఇంటింటికీ ఒక ఆడ ఓటు లేచిందన్నమాట. మగవాళ్లను నమ్మడానికి లేదు. పొద్దున నాకు మాట ఇచ్చి సాయంత్రం అవతలి ఆయన తాంబూలం నములుతారు. ఆడవాళ్లు ఒక మాట అంటే నిలబడతారు. ఆ వీధి నీకు వదిలేస్తున్నాను. పేరంటం పెట్టు, శనగలు పంచు, "మా నాయనకు వేయండి" అను. నీ నోటి సంగతి నాకు తెలియదా? నువ్వు మగపిల్లవాడివై పుట్టి ఉంటే నిన్నే నిలబెట్టేవాణ్ణి.

అల్లుడికి ఆశీస్సులు. వియ్యపురాలికి నమస్కారాలు చెప్పు.

మీ నాయన,
నాగభూషణరావు


మార్కాపురం,
23-11-1936

నాయనకు పార్వతి నమస్కరించి రాసేది.

సీతాఫలాలు చేరాయి. మీ గుమాస్తా వాటి మీద కూర్చుని వచ్చినట్టున్నాడు, సగం గుజ్జై చేరాయి. అమ్మ మోకాళ్లకు ఆముదం కాచి రాయమనండి. ఆవిడ రాసుకోదు, పక్కన కూర్చుని ఎవరైనా రాయాలి.

మీరు చెప్పినట్టే పేరంటం పెట్టాను. వీధి వీధంతా వచ్చింది. "పార్వతి నాయనకు కాకుంటే ఎవరికేస్తాం" అన్నారు. అంతా సంబరంగా ఉంది. అంతలో బట్టల దుకాణం వాళ్ల వెంకటలక్ష్మమ్మ, "అక్కడికి పోతే ఏమడుగుతారు?" అంది. మీ అల్లుడు గారు తాలూకా కచేరీలో కనుక్కుని వచ్చిందే చెప్పాను. జాబితాలో మనమంతా ఫలానా ఆయన భార్య అనే ఉన్నాం. కాబట్టి ఆఫీసరు నీ పేరు అడుగుతాడు, తర్వాత నీ మొగుడి పేరు అడుగుతాడు. నువ్వే చెప్పాలి. ఆ మాటతో పేరంటమంతా నీళ్లు చల్లినట్టు అయిపోయింది.

"మొగుడి పేరు చెప్పాల్నా? మొగోళ్ల ముందరా?" అని వెంకటలక్ష్మమ్మ లేచి నిలబడింది. "మెడ మీద కత్తి పెట్టినా చెప్పను తల్లీ. ఆయన ఆయుష్షు తగ్గితే ఓటు తెచ్చిస్తాదా?"

నవ్వకండి నాయనా. ఇందులో నేనేం తక్కువ తినలేదు. మీ అల్లుడి పేరు మా పెద్దగుడి స్వామి పేరే కదా. కాపరానికి వచ్చి పదేళ్లయింది, ఇంతవరకూ ఆ స్వామిని పేరు పెట్టి మొక్కలేదు. "పెద్దగుడి సామీ" అంటాను. ఈ ఊళ్లో సగం మంది ఆడవాళ్లం అట్లాగే అంటాం, పాపం ఆయనే అర్థం చేసుకుంటాడు. గోవిందయ్య గారి భార్య అయితే రథం కదిలేటప్పుడు అందరూ గోవింద కొడుతుంటే కొంగు నోట్లో కుక్కుకుంటుంది.

ఏం చేయాలా అని రెండు రోజులు తోచలేదు. చివరికి దారి చూపింది రాహేలు. తర్లుపాడు మనిషి, ఇక్కడ మిషన్ బడిలో పంతులమ్మ. బడికి పలకలు కొనడానికి మా షెడ్డుకు వస్తుంటుంది. సంగతి చెబితే పడీ పడీ నవ్వింది.

"మా పెండ్లిలో పెండ్లికూతురే పెండ్లికొడుకు పేరెత్తి చెప్పాల పార్వతమ్మా. 'ఇస్సాకు అను నిన్ను' అని గుడి నిండా జనం ఉంటే చెప్పినా. ఆయనకేమైంది? పలకల గనిలో రాళ్లు మోస్తా రాయి మాదిరి ఉన్నాడు."

కొత్తది ఏదైనా పది సార్లు అంటే నోరు తిరుగుతుందని ఆమె మాట. అందుకని రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక మా పలకల షెడ్డులో చేరుతున్నాం. రాహేలు స్టూలు మీద ఆఫీసరై కూర్చుంటుంది. ఒక్కొక్కరం ముందుకు పోయి పేరు, మొగుడి పేరు చెప్పాలి. మొదటి రోజు ముందుకు పోయిన వాళ్లు పోయినట్టే వెనక్కు పరిగెత్తారు. అయినా ఫిబ్రవరికి ఇంకా టైముంది, మీరు దిగులు పడకండి.

అమ్మకూ ఓటు వచ్చిందా? ఆవిడ ఏమంటోంది?

మీ
పార్వతి


గిద్దలూరు,
7-12-1936

చిరంజీవి పార్వతికి నాయన ఆశీస్సులు.

నీ జాబు చదువుతూ మొదట నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

మొన్న కంభంలో మీటింగు పెట్టాను. నా మాట ఇంకా సగంలో ఉండగానే వెనక నుంచి ఒకడు లేచి, "అయ్యా, మీ కూతురు కిరస్తానం పుచ్చుకునిందంట గదా, మీరెప్పుడు పుచ్చుకుంటారు?" అన్నాడు. జనం ఒకటే నవ్వు. విచారిస్తే తేలిందేమంటే, నువ్వు కోమటి ఇళ్ల ఆడవాళ్లను పోగేసి, క్రైస్తవ పంతులమ్మ ముందు నిలబెట్టి, వాళ్ల పెళ్లి ప్రమాణం చేయిస్తున్నావట. మార్కాపురంలో బయలుదేరిన మాట కంభం చేరేసరికి నీకు బాప్తిస్మం కూడా అయిపోయింది. నేను ఆ జనానికి ఏం చెప్పాలి?

ఆ షెడ్డు వ్యవహారం మానెయ్యి. మన ఇళ్లలో మొగుడి పేరు చెప్పించడం అయ్యే పని కాదు, కావలసిన పనీ కాదు. నేను వేరే ఏర్పాటు చేశాను. మీ ఊరి కరణం కాశీవిశ్వనాథంతో మాట్లాడాను. ఆయన ఆఫీసరు పక్కనే కూర్చుంటాడు. జాబితాలో పేరు ఆయనే చదువుతాడు, ఆడవాళ్లు తల ఊపితే చాలు. ఇక్కడి కరణం కూడా ఒప్పుకున్నాడు. ఇది మీకు నచ్చకపోవచ్చు, గుడ్డి కన్నా మెల్ల మేలు.

మీ అమ్మ ఏమంటోందని అడిగావు. ఆమె ఎప్పుడేమంది గనక? ఆమె ఓటు ఎక్కడికి పోతుంది, ఇంట్లోదే కదా. ఆముదం సంగతి చెప్పాను.

మీ నాయన


మార్కాపురం,
15-12-1936

నాయనకు నమస్కారాలు.

కంభంలో ఏం చెప్పాలని అడిగారు. "నా కూతురు మీ ఇళ్ల ఆడవాళ్లకు ఓటు వేయడం నేర్పుతోంది, మీకు చేతనైతే మీరూ నేర్పండి" అని చెప్పాల్సింది. కౌన్సిల్లో దొరల ముందు లేచి మాట్లాడిన మనిషి, వెనక బెంచీ వాడికి జవాబు చెప్పలేకపోయారా?

నేను ఏ మతమూ పుచ్చుకోలేదు. మొన్న కార్తీక పౌర్ణమికి ఉపవాసం ఉండి త్రిపురాంతకం వెళ్లి వచ్చాను, కావాలంటే మీ వియ్యపురాలిని అడగండి. ఆ పుకారు రాహేలు చెవిన కూడా పడింది. "పోనీలే పార్వతమ్మా, రేపట్నుంచి నేను రానులే, నీ ఇంటికి మాట రాగూడదు" అంది. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. క్రైస్తవులకు సీటు వేరే ఉందట, ఆమె ఓటు అక్కడికి పోతుంది. మీ ఆకుపచ్చ పెట్టె గెలిచినా ఓడినా ఆమెకు పూచికపుల్ల లాభం లేదు. ఆమెను చెయ్యి పట్టుకుని మళ్లీ స్టూలు మీద కూర్చోబెట్టాను. షెడ్డు మానలేదు. మాననని ముందే చెబుతున్నాను.

మీ కరణం గారి దగ్గరికి నేనే వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మంచి ఇండ్ల ఆడోళ్లను నేను చూసుకుంటాలే తల్లీ."

"మంచి ఇండ్లంటే ఏవి బాబాయ్?"

"నాకు తెల్వదా ఏంది? పేరు నేను చదువుతా. వాళ్లు తల ఊపితే ఊపినట్టు నాకు కనపడాల గదా. కనపడకుంటే నేనేం చేసేది?"

అర్థమైందా నాయనా? మేము తల ఊపినా ఆయనకు కనపడాలి. కనపడడం, కనపడకపోవడం ఆయన ఇష్టం. పోయిన వారమే ఆయన ఎర్రపెట్టె వాళ్ల పందిట్లో కూర్చుని లడ్డు తింటుంటే వెంకటలక్ష్మమ్మ చూసింది. మీరు మాకు ఓటు ఇప్పించడం లేదు. మా ఓట్లన్నీ మూటగట్టి కరణం ఒళ్లో పెడుతున్నారు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటారు?

అమ్మ ఓటు ఇంట్లోది అని రాశారు. అమ్మది అని రాయడానికి కలం రాలేదా?

పార్వతి


గిద్దలూరు,
9-1-1937

పార్వతికి,

పండగకు అరిసెలు పంపమని మీ అమ్మ అంది, పంపాను. జాబు నేను రాస్తున్నాను.

వర్తక సంఘం పెద్దలు నలుగురు నిన్న మన అడితికి వచ్చారు. "రావుగారూ, మీరు గెలిస్తే మా ఆడోళ్లు మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారంట గదా" అని ఎగతాళి చేశారు. ఎగతాళి అయ్యాక అసలు మాట అన్నారు. ఇది ఆగకపోతే సంఘం నా వెనక ఉండదు. సంఘం లేకుండా నేను బతికి బట్టకట్టలేను. నువ్వు షెడ్డులో ఆడుకుంటున్నావు, నేను ఇక్కడ ఆరేళ్ల పేరు నిలబెట్టుకోవడానికి చస్తున్నాను.

అందుకని కరపత్రం వేయించాను. నీకూ ఒకటి పంపుతున్నాను. "మన స్త్రీలు పోలింగు స్థలమందు భర్త పేరు చెప్పనక్కరలేదు. కరణం గారే చెప్పెదరు. మన ఆచారమునకు భంగము రానివ్వము. ఆకుపచ్చ పెట్టెకే మీ ఓటు." రెండు తాలూకాల్లో గడప గడపకూ అంటించాం.

ఇంకొక మాట కూడా నా చెవిన పడింది. ఎర్రపెట్టె ఆయన మీ దుకాణంలో బండెడు పలకలు కొన్నాడట. అల్లుడు అటు తిరిగాడా? నీ చేత ఈ ఆట ఆడిస్తున్నది ఆయనేనా? పోలింగు అయ్యేదాకా నువ్వు గిద్దలూరులో ఉండు. నిన్ను పంపమని అల్లుడికి వేరే జాబు రాశాను.

నాగభూషణరావు


మార్కాపురం,
18-1-1937

నాయనకు,

అరిసెలు బాగున్నాయి. అమ్మకు చెప్పండి.

మీ అల్లుడికి రాసిన జాబు చేరింది. అన్నం ముందు కూర్చుని నాకే చదివి వినిపించారు. చదవడం అయ్యాక, "పోతావా?" అన్నారు. "పోను" అన్నాను. "సరే, చారు పొయ్యి" అన్నారు. ఎర్రపెట్టె ఆయన బడిపిల్లలకు పంచడానికి పలకలు కొన్న మాట నిజమే. డబ్బిచ్చి కొన్నాడు, బేరం బేరమే. మీ అడితిలో ఎర్రపెట్టె వాళ్లు వాసాలు కొంటే తిప్పి పంపుతారా? నన్ను ఎవరో ఆడించేదేమిటి? నా తల నా మెడ మీదే ఉంది, మీరు పెట్టిన తలే.

మీ అల్లుడు గారు తన పేరు చెప్పుకోమని ఒప్పుకున్నారు కూడా. "చెప్పి చూడు. ఇంట్లో వద్దు, దుకాణం కాడ చెప్పు. నేను పడిపోతే పట్టుకునేదానికి మనుషులుంటారు" అన్నారు. ఆ మనిషికి వేళాకోళం ఎక్కువ, మీకు తెలిసిందే.

ఇప్పుడు రాసేది మాత్రం నిదానంగా చదవండి.

మా అత్తగారు శ్రీశైలమ్మ గారు మొదటి నుంచీ మా షెడ్డు వైపు తొంగి చూడలేదు. మొన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి వచ్చి గుమ్మంలో నిలబడింది. మీ కరపత్రం ఎవరో ఆమెకు చదివి వినిపించారట. మేమంతా లేచాం, ఇక అక్షింతలు తప్పవనుకున్నాం. ఆమె వచ్చి రాహేలు ముందు నిలబడింది.

"నాకు పదకొండేండ్లకు పెండ్లి చేసినారు" అంది. "ఆయన పేరు ఒక్కనాడు నోటెత్తి అనలేదు. కలలో గూడా అనలేదు. ముప్పై రెండేండ్లకే కలరా తగిలి పోయినాడు. నేను నోరు మూసుకోని కాపాడింది ఏంది?"

ఆమె కొంగు సర్దుకుని, "రంగయ్య" అంది. మళ్లీ ఒకసారి "రంగయ్య" అంది. "ఎంత చిన్న పేరో చూడు" అని అక్కడే కూలబడి ఏడ్చింది. నాయనా, నేను ఏడ్చాను. రాహేలు ఏడ్చింది. కాసేపటికి, మెడ మీద కత్తి పెట్టినా చెప్పనన్న వెంకటలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చి వాళ్లాయన పేరు గట్టిగా చెప్పింది. ఆ తర్వాత షెడ్డులో ఎవరికీ తడబాటు లేదు.

ఆచారానికి భంగం రానివ్వమని అచ్చు వేయించారు. మా అత్తగారికి ఆ ఆచారం ఏమిచ్చిందో చూశారు కదా. ఆ కరపత్రం వెనక్కు తీసుకోండి. తీసుకోకపోతే, రెండు పెట్టెల ముందు నిలబడినప్పుడు నా చెయ్యి ఎటు పోతుందో నేను మాట ఇవ్వలేను. బెదిరింపు అనుకుంటే అనుకోండి.

పార్వతి


కార్డు
గిద్దలూరు, 1-2-1937

అచ్చయిన కరపత్రం అచ్చయినట్టే ఉంటుంది. ఊరూరా తిరుగుతున్నాను, కాళ్లు బొబ్బలెక్కాయి. చాకలి నుంచి షావుకారు దాకా ఓటున్న ప్రతి మనిషికీ చేతులు జోడించాను. కన్నకూతురికి మాత్రం జోడించను. నీ ఓటు లేకుండానే గెలుస్తాను.

నా.భూ.


గిద్దలూరు,
27-2-1937

పార్వతికి,

ఓడిపోయాను. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. ఎర్రపెట్టె ఆయనను నిన్న బాజాలతో మన అడితి ముందు నుంచే ఊరేగించారు. అడితి తలుపు వేయలేదు, కుర్చీ బయట వేసుకుని కూర్చుని చూశాను. భయపడ్డానని అనుకోకూడదు కదా.

మార్కాపురం ఆడవాళ్లే ముంచారని ఇక్కడ అందరూ అంటున్నారు. నేను కాదనలేదు. వేలు విడిచిన వాళ్లు కూడా వచ్చి నాకు వేసి వెళ్లారు, నా ఇంటి వేలే నా కంట్లో పొడిచింది. నీకు తృప్తి అయిందా? ఈ జాబుకు జవాబు అక్కరలేదు.

నాగభూషణరావు


మార్కాపురం,
3-3-1937

నాయనకు,

జవాబు అక్కరలేదన్నారు, అందుకే రాస్తున్నాను.

మీరు ఓడినందుకు నాకు తృప్తేమిటి? ఆ కబురు వచ్చిన రోజు మా పొయ్యి వెలగలేదు. కానీ చెయ్యని తప్పు నేను నెత్తిన పెట్టుకోను. మా వీధి వాళ్లకు అంటగట్టనివ్వను. ఇక్కడ జరిగింది వినండి.

పోలింగు రోజు పొద్దున్నే అందరం కలిసి నడిచి వెళ్లాం. బండ్లు వద్దన్నాం. ఎర్రపెట్టె వాళ్లు దారి పక్కన నిలబడి, "మొగుళ్ల పేర్లు పాడే భజన మేళం వచ్చింది" అని అరిచారు. మా అత్తగారు ఆగి, "నువ్వు ఎవరి కొడుకువిరా? చెప్పు, మీ నాయన పేరు గూడా పాడతాం" అంది. వాడు పక్కవాడి వెనక్కు తప్పుకున్నాడు.

ఆఫీసరు ఎక్కడో కోస్తా నుంచి వచ్చిన మనిషి, పేరు నిత్యానందం. కరణం కాశీవిశ్వనాథం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నేనే ముందు వెళ్లాను. ఆఫీసరు పేరు అడిగాడు, చెప్పాను. భర్త పేరు అడిగాడు. కరణం గొంతు సవరించుకుని, "ఈమె మన నాగభూషణరావు గారి కూతురండీ" అని మొదలుపెట్టాడు. ఆఫీసరు, "ఓటు మీది కాదు గదా, ఆమెను చెప్పనివ్వండి" అన్నాడు. రూలు అదేనట. ఎవరి నోటితో వాళ్లే చెప్పాలట. కరణం నోట చెప్పిస్తే చెల్లదట. మీరు అచ్చు వేయించే ముందు ఎవరినైనా అడిగారా?

"నా మొగుడి పేరు చెన్నకేశవులు" అన్నాను. బయట క్యూలో నిలబడిన మీ అల్లుడికి వినపడేటట్టే అన్నాను. ఆయన ఇంకా క్షేమం. తర్వాత వెంకటలక్ష్మమ్మ, ఆ తర్వాత గోవిందయ్య గారి భార్య, ఇట్లా వరసగా చెప్పారు. ఇద్దరు మాత్రం అంతా నేర్చుకుని కూడా ఆఫీసరు ముందు నోరు పెగలక ఏడుస్తూ వెనక్కు వచ్చారు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. షెడ్డుకు రాకుండా మీ కరపత్రాన్ని నమ్మి వచ్చిన పై వీధి ఆడవాళ్లు మాత్రం దాదాపు అందరూ తిరిగిపోయారు.

లోపల తెర వెనక రెండు పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయి. నేను కోపంతోనే వెళ్లాను. ఒక్క క్షణం ఎర్రపెట్టె మీద చెయ్యి పెట్టిన మాట కూడా నిజం. కానీ ఎర్రపెట్టె ఆయన పోలింగుకు ముందు సంతలో మాట్లాడుతూ, "ఆడదానికి ఓటిచ్చేది కోతికి అద్దం ఇచ్చేది ఒకటే" అన్నాడు. మీరు మొండివాళ్లే కానీ అట్లాంటి మాట అనరు. ఆకుపచ్చ దాంట్లోనే వేశాను. షెడ్డుకు వచ్చిన వాళ్లు కూడా అందులోనే వేశామని ఒట్టు పెట్టి చెప్పారు. నవ్విన నాపచేనే పండింది నాయనా. ఎండింది ఎక్కడో మీ ఊళ్లో విచారించుకోండి. గిద్దలూరు ఆడవాళ్లు పెట్టె దాకా ఎంతమంది పోయారో అమ్మను అడగండి.

నేను మీ కూతురినే. నమస్కారం పెడుతున్నాను, తప్పు చేశానని కాదు.

పార్వతి


గిద్దలూరు,
12-3-1937

చిరంజీవి సౌభాగ్యవతి పార్వతికి,

నాయన ఆశీస్సులు. అల్లుడి మీద, మీ వీధి వాళ్ల మీద అన్న మాటలు వెనక్కు తీసుకుంటున్నాను. కరపత్రం వెనక్కు తీసుకోమంటే తీసుకోనివాణ్ణి, ఇవైనా తీసుకోనీ.

నువ్వు రాసినట్టే జరిగింది. గిద్దలూరు ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకుని బండ్ల మీద వచ్చారు. చేతుల్లో నా కరపత్రాలు. ఇక్కడి ఆఫీసరు కూడా అదే రూలు చెప్పాడు. కరణం పేర్లు చదివితే వద్దన్నాడు. "చెప్పనక్కరలేదని రావుగారే అచ్చేసినారు గదా" అని వాళ్లు నా ముఖం చూశారు. నేనేం చెప్పను? ఎవరికీ నోరు రాలేదు. వచ్చిన బండ్లు వచ్చినట్టే తిరగడం మొదలుపెట్టాయి. నా ఓట్లు నా కళ్ల ముందే ఎద్దులు లాక్కుపోతుంటే గుమ్మం దగ్గర నిలబడి చూశాను.

అప్పుడు మీ అమ్మ బండి దిగింది. ఆ మోకాళ్లతో మెల్లగా మెట్లెక్కి లోపలికి పోయింది. కరణం లేచి, "ఈమె రావుగారి" అనబోయాడు. మీ అమ్మ ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

"నా పేరు సరస్వతమ్మ. నా మొగుడు నాగభూషణరావు. అదో, గుమ్మం కాడ నిలబడినాడు" అంది.

ముప్పై నాలుగేళ్ల కాపరంలో నా పేరు ఆమె నోట వినడం అదే మొదలు. ఆమె గొంతు అంత గట్టిదని కూడా నాకు తెలియదు. ఆమెను చూసి నాలుగైదు బండ్లు ఆగాయి, వాటిలో వాళ్లు కూడా దిగి వచ్చి చెప్పారు. మిగతావి అప్పటికే మలుపు తిరిగాయి. ఆ పూట నాకు గర్వంగానే ఉంది. ఇంత జరిగినా నీకు రాసిన జాబులో అది రాయలేదు, ఓడిన కడుపుమంటలో ఉన్నాను.

నీ జాబు వచ్చాక మీ అమ్మకు చదివి వినిపించాను. ఆమె చాటలో బియ్యం వేసుకుని రాళ్లు ఏరుతోంది. "చూశావా, ఎంత పోట్లాడినా నా కూతురు నాకే వేసింది. ఇంట్లో రెండు ఓట్లూ నావే" అన్నాను.

"ఒకటే" అంది.

"ఒకటేమిటి?"

"నేను ఎర్రదాంట్లో ఏసినా."

ఎందుకని అడిగేసరికి చాట పక్కన పెట్టింది.

"రెండు తాలూకాలు తిరిగినారు. కాళ్లు బొబ్బలెక్కినాయని రోజూ నేనే నూనె రాసినా. ఊళ్లో ప్రతి మనిషికీ చేతులు జోడించినారు. ఈ ఇంట్లో గూడా ఒక ఓటు ఉంది గదా, నన్ను ఒక్కసారి అడిగినారా? అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను పెట్టేది ఎట్ల?"

నేను గట్టిగానే కేకలు వేశాను. శత్రువుకు వేశావన్నాను. ఆడదానికి ఓటెందుకన్నవాడికి వేశావన్నాను. "ఆయన నోటితో అన్నాడు, మీరు అచ్చేయించినారు" అంది. ఆ పూట అన్నం వద్దన్నాను. ఆమె బతిమాలలేదు, విస్తరి తీసేసి తను తినింది. ఆ ఒక్క ఓటుతో నేను ఓడలేదు, అది నాకూ తెలుసు. ఓడించిన ఓట్లన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నాలుగు రోజులు అడితికి కూడా సరిగ్గా పోలేదు.

నేను రాజకీయం మానను. సంఘం పెద్దలు మానుకోమని సలహా ఇస్తున్నారు, అందుకని అసలే మానను. మళ్లీ ఎన్నికలు ఎప్పుడు వస్తాయో తెలియదు, ఎప్పుడొచ్చినా నిలబడతాను.

ఈ పొద్దున మీ అమ్మ పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. పక్కింటి వాళ్లు గోడ మీద నుంచి చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను. చేతులు జోడించి, "సరస్వతమ్మా, వచ్చేసారి నీ ఓటు నాకు వేస్తావా?" అని అడిగాను.

చెంబు కింద పెట్టింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఆలోచించి చెప్తా" అంది.

మీ నాయన,
నాగభూషణరావు